చవక బోర్డు మీద ఓవర్‌క్లాకింగ్: ముందు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూడండి

“అన్నా, నాది బి450 బోర్డు. నాలుగు గిగాహెర్ట్జ్ వస్తుందా?”

హాస్టల్లో ఒక్కడి దగ్గర డెస్క్‌టాప్ ఉంటే చాలు, ఈ ప్రశ్న వాడిని వెతుక్కుంటూ వస్తుంది. దానికి జవాబు చాలాసార్లు “వస్తుంది” అనే. బయోస్‌లోకి వెళ్లి మల్టిప్లయర్ 36 ఉన్నచోట 40 కొట్టి, వోల్టేజీ కాస్త పెంచి, ఎఫ్10 నొక్కితే విండోస్ తెరుచుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో 4.00 అని కనిపిస్తుంది. దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టేస్తారు. ఆ తర్వాత అరగంటకు బోర్డు మీద ఏం జరుగుతోందో ఎవరూ ఫోటో తీయరు. నేను రాయబోయేది ఆ అరగంట గురించి.

ముందు నా దగ్గరున్న సరుకేమిటో చెప్తాను, అంకెలు దాన్ని బట్టే అర్థమవుతాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో సెకండ్ హ్యాండ్‌గా కొన్న రైజెన్ 5 2600. 2018లో వచ్చిన ప్రాసెసర్, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. బేస్ 3.4 గిగాహెర్ట్జ్, బూస్ట్ 3.9, పెట్టె మీద రాసిన టీడీపీ 65 వాట్లు. దానితోపాటు వచ్చిన చిన్న రెయిత్ స్టెల్త్ కూలర్. బోర్డు బి450 చిప్‌సెట్‌ది, చిన్న సైజుది, ఆ రోజు షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా చవక. కంపెనీ పేరు అనవసరం. ఆ ధరలో వచ్చే బోర్డులన్నీ దాదాపు అన్నదమ్ములే.

ఓవర్‌క్లాకింగ్ అంటే ఒక గుణకారం మార్చడమే. ప్రాసెసర్‌కి 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్ ఒకటి ఉంటుంది. దాన్ని మల్టిప్లయర్‌తో గుణిస్తే అసలు వేగం వస్తుంది. 100ని 36తో గుణిస్తే 3.6, 40తో గుణిస్తే 4.0 గిగాహెర్ట్జ్. ఈ మల్టిప్లయర్‌ని మనం ముట్టుకోవచ్చా లేదా అన్నది కంపెనీల ఇష్టం. ఏఎండీ రైజెన్లలో దాదాపు అన్నిటికీ తాళం తీసే ఉంటుంది గానీ బోర్డు బి సిరీస్‌దో ఎక్స్ సిరీస్‌దో అయ్యుండాలి. ఏ320, ఏ520 బోర్డుల మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. ఇంటెల్ అయితే పేరు చివర కె ఉన్న ప్రాసెసర్, జెడ్ సిరీస్ బోర్డు, రెండూ కావాలి. అంటే ఇంటెల్ దారిలో “బడ్జెట్ బోర్డు” అన్నమాటే కొట్టుకుపోతుంది. 2021లో వచ్చిన బి560 నుంచి బి బోర్డుల్లో ర్యామ్ వేగం మాత్రం పెంచుకోనిస్తున్నారు. అందుకే ఇక్కడ నేను చెప్పేదంతా ఏఎండీ గురించే.

పాత తరం వాళ్లు దీని గురించి కథలు కథలుగా చెప్తారు, అవి నిజమే కూడా. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఒక చవక ప్రాసెసర్ తెచ్చింది. 66 మెగాహెర్ట్జ్ బస్సు, 4.5 మల్టిప్లయర్, మొత్తం 300. మల్టిప్లయర్‌కి తాళం ఉంది కానీ బస్సుకి లేదు. బస్సుని 66 నుంచి 100కి మారిస్తే అదే చిప్పు 450 మెగాహెర్ట్జ్‌కి పోయేది. అంటే ఏకంగా యాభై శాతం! అప్పట్లో 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2 అంటే ధరలో దీనికి అందనంత ఎత్తున ఉండేది. 2000 ప్రాంతంలో ఏఎండీ డ్యూరాన్, అథ్లాన్ చిప్పుల మీదుండే చిన్న చిన్న బ్రిడ్జిల మీద పెన్సిల్‌తో గీత గీసి మల్టిప్లయర్ తాళం తీసేవారు. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైట్, అది విద్యుత్తుని పోనిస్తుంది. రూపాయి పెన్సిల్‌తో ప్రాసెసర్ తాళం తీసిన రోజులవి.

ఆ రోజులు ఇప్పుడు లేవు. కారణం సూటిగా చెప్పాలంటే, అప్పట్లో కంపెనీలు చిప్పులో మిగులు వదిలేవి, ఇప్పుడు వదలడం లేదు. ఇవాళ్టి ప్రాసెసర్ తన వేడి, కరెంటు చూసుకుంటూ క్షణక్షణం తనంతట తానే వేగం పెంచుకుంటుంది. ఆ బూస్ట్ అన్నది ఫ్యాక్టరీవాళ్లే మన బదులు చేసిపెట్టిన ఓవర్‌క్లాకింగ్. మనకి మిగిలేది కంచం అంచున అంటుకున్న మెతుకులు. నా 2600లో మిగిలింది మహా అయితే పదకొండు శాతం. ఆ పదకొండు శాతానికి ఎంత కట్టాలో చూద్దాం.

చిప్పు వాడుకునే పవర్ దాదాపుగా రెండింటి మీద ఆధారపడుతుంది: ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ. ఫ్రీక్వెన్సీతో మామూలు నిష్పత్తిలో పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంలో పెరుగుతుంది. నా చిప్పుని దాని మానాన వదిలేసి ఆరు కోర్లకీ పని పెడితే 3.6 గిగాహెర్ట్జ్, 1.2 వోల్టుల దగ్గర స్థిరపడుతుంది. నాలుక్కి తీసుకెళ్లాలంటే దానికి 1.35 కావాలి. వేగం 1.11 రెట్లు. వోల్టేజీ 1.125 రెట్లు, దాని వర్గం 1.27. రెంటినీ గుణిస్తే 1.41. అంటే పదకొండు శాతం వేగానికి నలభై శాతం ఎక్కువ పవర్.

ఇక్కడిదాకా యూట్యూబ్‌లో అందరూ చెప్తారు, చెప్పి “మంచి కూలర్ కొనండి” అని ముగిస్తారు. కానీ చవక బోర్డు కథ అక్కడితో అయిపోదు, అక్కడే మొదలవుతుంది.

మాది బోర్లమీద బతికే ఊరు. పొలం గట్టున ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని కింద పదో పన్నెండో మోటర్లు. 11 వేల వోల్టుల లైన్ని మన మోటర్లకి పనికొచ్చేంతకు దించడమే దాని పని. యాసంగిలో కరెంటు రాగానే అందరూ ఒక్కసారే మోటర్లు వేస్తారు, ఇళ్లల్లో బల్బులు ఒక్కసారి గుడ్డివవుతాయి. ఎవరైనా ఐదు హార్స్‌పవర్ మోటర్ తీసేసి చెప్పాపెట్టకుండా ఏడున్నర పెట్టాడనుకోండి, వాడి మోటర్‌కి ఏమీ కాదు. కాలేది ట్రాన్స్‌ఫార్మర్. కాలాక ఊరంతా కలిసి దాన్ని ట్రాక్టర్లో ఎక్కించుకుపోయి బాగు చేయించుకురావాలి, ఈలోగా నారు ఎండుతుంది.

మదర్‌బోర్డు మీద కూడా అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ప్రాసెసర్ సాకెట్ పక్కన చిన్న చిన్న బూడిదరంగు పెట్టెలు వరసగా కనిపిస్తాయి చూడండి, అవి చోక్‌లు. వాటి పక్కన చదునుగా నల్లగా ఉండేవి మాస్‌ఫెట్లు, స్థూపాల్లా నిలబడినవి కెపాసిటర్లు. అన్నీ కలిపి వీఆర్‌ఎం అంటారు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి కావలసిన ఒకటిన్నర లోపు వోల్టులకి దించడం దీని పని. మాస్‌ఫెట్లు సెకనుకి కొన్ని లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఆ పని చేస్తాయి. ఈఈఈ వాళ్లు పవర్ ఎలక్ట్రానిక్స్ పేపర్లో బక్ కన్వర్టర్ అని బట్టీ కొట్టేది దీన్నే.

వోల్టేజీ తగ్గితే కరెంటు పెరగాలి కదా. కోర్లకే 80 వాట్లు పోతున్నాయనుకుంటే, 1.2 వోల్టుల దగ్గర అది 67 ఆంపియర్లు. మన ఇళ్లల్లో గీజర్‌కి పెట్టే పెద్ద సాకెట్టే 16 ఆంపియర్లది! వోల్టేజీ చాలా తక్కువ కాబట్టి రెంటినీ పోల్చకూడదు నిజమే, కానీ తీగల్ని, మాస్‌ఫెట్లని వేడెక్కించేది కరెంటే. అదే 4.0 దగ్గర, 1.35 వోల్టులకి, 112 వాట్లు, 83 ఆంపియర్లు. కరెంటు పెరిగింది పాతిక శాతం. రెసిస్టెన్స్ ఉన్నచోట నష్టం కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే మాస్‌ఫెట్లలో వేడిగా పోయేది 56 శాతం ఎక్కువ. వరస చూడండి: పదకొండు, నలభై, యాభైఆరు. మనం చూసి మురిసిపోయే అంకె మొదటిది. చవక బోర్డు మోసేది చివరిది.

ఖరీదైన బోర్డులో ఈ బరువుని పది పన్నెండు ఫేజులు పంచుకుంటాయి, పైన అల్యూమినియం దిమ్మె ఒకటి కూర్చుంటుంది. నా బోర్డులో కోర్లకి ఉన్నవి నాలుగు ఫేజులు, ఒక్కోదానికి 21 ఆంపియర్లు. వాటి మీద హీట్‌సింక్ లేదు. పెట్టె మీద మాత్రం ఎనిమిది ఫేజులని రాసుకోవచ్చు. ఒకే సిగ్నల్‌కి రెండేసి చోక్‌లు కలిపేసి లెక్కపెట్టే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది. చోక్‌లు లెక్కపెట్టి బోర్డు కొనకండి.

ఇంకో సంగతి ఉంది. మామూలుగా ప్రాసెసర్‌కి తనకంటూ పవర్ పరిమితులుంటాయి. ఏఎం4 సాకెట్లో 65 వాట్ల చిప్పు మొత్తం మీద 88 వాట్లు దాటకుండా చూసుకుంటుంది. మల్టిప్లయర్‌ని చేత్తో పెట్టిన మరుక్షణం ఆ కాపలా లేచిపోతుంది. ఇక అడిగేవాడు లేడు, మీరు ఎంతంటే అంత. ఊళ్లో ఏడున్నర మోటర్ పెట్టినవాడి పరిస్థితే.

నా బోర్డులో వీఆర్‌ఎం ఎంత వేడెక్కుతోందో చూపించే సెన్సర్ లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచినా ప్రాసెసర్ వేడి కనిపిస్తుంది గానీ మాస్‌ఫెట్లది కనిపించదు. కోవిడ్ కాలంలో గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన గన్ను పనికొస్తుందని ఆశపడకండి, జ్వరం చూడటానికి చేసినవి 43 దగ్గరే చేతులెత్తేస్తాయి. మా ల్యాబ్‌లో ఉన్న ఇండస్ట్రియల్ ఐఆర్ థర్మామీటర్‌ని ల్యాబ్ అసిస్టెంట్ గారిని బతిమాలి ఒక సాయంత్రానికి తెచ్చుకున్నాను. ఒక కిటుకు: మెరిసే లోహం మీద గురిపెడితే అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే ఉపరితలం వేడిని సరిగా వెలువరించదు. చూడాలనుకున్నచోట చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద గురిపెట్టాలి. నల్ల ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న మాస్‌ఫెట్ మీదైతే టేపు లేకపోయినా ఫర్వాలేదు.

గదిలో 31 డిగ్రీలు. బ్లెండర్ రెండర్ పెట్టి అరగంట ఆగాను. ఫ్యాక్టరీ సెట్టింగుల దగ్గర మాస్‌ఫెట్ 68 చూపించింది, గది మీద 37 ఎక్కువ. 4.0 దగ్గర, 1.35తో, 96 చూపించింది. పైన చేసిన 56 శాతం లెక్క ప్రకారం 89 రావాలి. మిగతా ఏడు ఎక్కడివంటే, మాస్‌ఫెట్ వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, రెసిస్టెన్స్ పెరిగితే ఇంకా వేడెక్కుతుంది. అప్పుకి వడ్డీ, వడ్డీకి చక్రవడ్డీ.

96 అంటే కొంప మునిగినట్టా? కాదు. మాస్‌ఫెట్లు లోపల 125 డిగ్రీలో 150 డిగ్రీలో తట్టుకునేలా తయారవుతాయి. కానీ నేను కొలిచింది పైపెంకు, లోపల ఇంకా ఎక్కువ. పక్కనే నిలబడిన కెపాసిటర్లు ఆ వేడినే పీలుస్తుంటాయి. ఇలాంటి సాలిడ్ కెపాసిటర్లకి సాధారణంగా కనిపించే రేటింగ్ 105 డిగ్రీల దగ్గర 5,000 గంటలు. ప్రతి ఇరవై డిగ్రీల తగ్గుదలకీ ఆయుష్షు పదిరెట్లవుతుందని లెక్క. 85 దగ్గర 50,000 గంటలు. కాబట్టి 96కీ 76కీ తేడా అంటే సంవత్సరాల తేడా. ఇంకా వేడెక్కితే బోర్డే ప్రాసెసర్‌ని మెడపట్టి కొన్ని వందల మెగాహెర్ట్జ్‌కి దించేస్తుంది. ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గర చల్లగానే ఉన్నా వేగం ఉన్నట్టుండి పడిపోతూ, లేస్తూ ఉంటే అనుమానించాల్సింది వీఆర్‌ఎంనే.

ఇప్పుడు “మంచి కూలర్ కొనండి” అన్న సలహా దగ్గరికి వద్దాం. నాతో వచ్చిన స్టెల్త్ కూలర్ చిన్నదే, కానీ దాని ఫ్యాను గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదుతుంది. ఆ గాలి ప్రాసెసర్‌ని దాటి చుట్టూ ఉన్న మాస్‌ఫెట్లకీ తగులుతుంది. దాన్ని పీకేసి నిలువుగా నిలబడే టవర్ కూలర్ పెడితే గాలి బోర్డుకి సమాంతరంగా వెనక్కి పోతుంది. వాటర్ కూలింగ్ పెడితే సాకెట్ దగ్గర గాలే ఉండదు. ప్రాసెసర్ పది డిగ్రీలు చల్లబడుతుంది, స్క్రీన్ మీద చూసి సంతోషిస్తాం, సెన్సర్ లేని మాస్‌ఫెట్ మాత్రం ముందుకంటే ఎక్కువ ఉడుకుతుంది. టవర్ కూలర్ పెడితే ఆ పక్కకి తిప్పి ఒక చిన్న ఫ్యాను కూడా కట్టుకోండి. జిప్ టై చాలు, అందంతో పనేముంది.

ఎండాకాలం లెక్క కూడా వేసుకోవాలి. కూలర్ దేన్నీ గది కంటే చల్లగా చేయలేదు. గది మీద ఎన్ని డిగ్రీలు ఎక్కువన్నదే దాని సత్తా. యూట్యూబ్‌లో సమీక్షలు చేసేవాళ్లు ఏసీ గదుల్లో, 21, 22 డిగ్రీల దగ్గర కూర్చుని చేస్తారు. మే నెలలో పై అంతస్తు హాస్టల్ గదిలో మధ్యాహ్నం 39 ఉంటుంది. వాళ్ల అంకె ఏదైనా సరే, దానికి పదిహేడు కలపండి. నా 96 కాస్తా మేలో 104 అవుతుంది.

ఇదంతా చూశాక నేను ప్రశ్న తిరగేశాను. ఎంత వేగం వస్తుందన్నది కాదు, ఒక్కో వేగానికి ఎంత తక్కువ వోల్టేజీతో సరిపెట్టగలం అన్నది. ఫ్యాక్టరీలో చిప్పుకి పెట్టే వోల్టేజీలో కొంత మిగులుంటుంది, ఎందుకంటే ఆ మోడల్లో అన్నిటికన్నా నాసి ముక్క కూడా ఆ వోల్టేజీతో పనిచేయాలి. మీ ముక్క దానికంటే మెరుగ్గా ఉంటే ఆ మిగులు మీదే. ఎంతుంటుందన్నది మాత్రం ఎవరి అదృష్టం వాళ్లది, పక్కవాడి అంకెలు కాపీ కొడితే సప్లీయే.

పద్ధతి విసుగ్గా ఉంటుంది గానీ కష్టం కాదు. ముందు వోల్టేజీని ఆటో నుంచి తీసేయాలి, ఇది మొట్టమొదటి పని. మల్టిప్లయర్ పెంచి వోల్టేజీని ఆటోలో వదిలేస్తే కొన్ని బోర్డులు ఎందుకైనా మంచిదని 1.4 పైన కూడా పోసేస్తాయి. ఈ తరం చిప్పుకి రోజువారీ వాడకంలో 1.35 దాటించను, అది నేను గీసుకున్న గీత. తర్వాత వోల్టేజీని 1.225 లాంటి ఒకచోట ఉంచి మల్టిప్లయర్‌ని పావు పావు చొప్పున పెంచుకుంటూ పోవాలి. రైజెన్లో పావు అంటే 25 మెగాహెర్ట్జ్. ప్రతి మెట్టు దగ్గరా పది నిమిషాలు సినీబెంచ్. ఎక్కడ పడిపోతే అక్కడినుంచి రెండు మెట్లు దిగి అసలు పరీక్ష మొదలెట్టాలి.

మధ్యలో ఒకటి కనిపిస్తుంది: బయోస్‌లో 1.225 పెట్టినా, పని పడగానే 1.2కో ఇంకా కిందకో జారుతుంది. మోటర్లు వేయగానే బల్బులు గుడ్డివయ్యే సంగతే ఇది, దీన్నే వీడ్రూప్ అంటారు. ఖరీదైన బోర్డుల్లో లోడ్ లైన్ కాలిబ్రేషన్ అని దీన్ని సరిచేసే సెట్టింగు ఐదారు స్థాయిల్లో ఉంటుంది. చవక బోర్డుల్లో కొన్నిటికి అది ఉండనే ఉండదు. లేకపోతే బాధపడక్కర్లేదు, పని మధ్యలో కనిపించే వోల్టేజీనే మీ వోల్టేజీ అనుకుని లెక్కలు వేసుకోండి. నేను ఇక్కడ రాసిన వోల్టేజీలన్నీ అలా చూసినవే. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎస్‌వీఐ2 అని ఉండే వరస చూడండి, బోర్డు చెప్పే వీకోర్ కంటే అది నమ్మదగ్గది.

పరీక్ష గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ మొత్తం వ్యవహారంలో భయం వేసింది ఇక్కడే. సిస్టమ్ క్రాష్ కాకపోతే స్టేబుల్ అనుకుంటారు చాలామంది. 3.85 గిగాహెర్ట్జ్, 1.2125 వోల్టుల దగ్గర నా సిస్టమ్ పదిసార్లు సినీబెంచ్ పూర్తి చేసింది. రెండు గంటలు గేమ్ ఆడాం, ఏమీ కాలేదు. రాత్రికి ప్రైమ్95 పెట్టి పడుకున్నాను. ప్రైమ్95 అనేది 1996లో మొదలైన, పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతికే గింప్స్ అనే ప్రాజెక్టు కోసం జార్జ్ వోల్ట్‌మన్ రాసిన ప్రోగ్రాం. దాని టార్చర్ టెస్టు జవాబులు ముందే తెలిసిన లెక్కల్ని చేయించి, వచ్చిన జవాబుతో పోల్చి చూస్తుంది. పొద్దున లేచి చూస్తే సిస్టమ్ హాయిగా నడుస్తోంది, బ్లూ స్క్రీన్ లేదు, పాట పెడితే పాడుతోంది. కానీ పన్నెండు వర్కర్లలో ఒకటి రెండు గంటల నలభై నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంది. రౌండింగ్ తేడా వచ్చిందని ఒక ఎర్రర్ లైను.

అంటే ప్రాసెసర్ ఒక లెక్క తప్పు చేసింది. తప్పు చేసి, చెప్పకుండా ముందుకెళ్లిపోయింది.

నా ఫైనలియర్ ప్రాజెక్టు హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల్లో ప్రవాహం మీద. ఓపెన్‌ఫోమ్‌లో ఒక్కో రన్ను పది గంటలు. ప్రైమ్95 దగ్గర జవాబు ముందే ఉంది కాబట్టి తప్పు పట్టుకుంది. నా సిమ్యులేషన్‌కి జవాబు ఎవరి దగ్గరుంది? అలాంటి తప్పు ఒకటి నా రన్నులో ఐదో గంటలో పడితే, అది తర్వాతి స్టెప్పుల్లో సర్దుకుపోవచ్చు, గ్రాఫులో ఒక చిన్న మెలికగా మిగలొచ్చు. ఆ మెలిక చూపించి వైవాలో నేనొక సిద్ధాంతమే చెప్పొచ్చు. గేమ్ క్రాష్ అయితే మళ్లీ పెట్టుకుంటాం. తప్పుడు అంకె అలా తలుపు కొట్టి రాదు.

ఒక్క మెట్టు పెంచి 1.225 పెడితే ప్రైమ్95 రెండు రాత్రులు శుభ్రంగా నడిచింది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ పేరుతో హార్డ్‌వేర్ హెచ్చరికలేమైనా ఉన్నాయా అని చూశాను, లేవు. ప్రాసెసర్ తన తప్పుని తానే సరిదిద్దుకున్నా కూడా చాలాసార్లు అక్కడ రాసిపెడుతుంది, మీరు కూడా వారానికోసారి తొంగిచూడండి. ఈ సెట్టింగు దగ్గర లెక్క: వేగం ఏడు శాతం ఎక్కువ, పవర్ పదకొండు శాతం ఎక్కువ, మాస్‌ఫెట్ 76 డిగ్రీలు. క్లబ్ ఉగాది సంచిక కవర్ కోసం చేసిన బ్లెండర్ సీను ఫ్యాక్టరీ సెట్టింగులో 52 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 48న్నర. 4.0 దగ్గర అదే సీను దాదాపు 47. ఆ చివరి నిమిషంన్నర కోసం ఇరవైఆరు శాతం అదనపు పవర్, ఇరవై డిగ్రీల అదనపు వేడి. నాకు గిట్టుబాటు కాలేదు. బోర్డు పోతే కొత్తది కొనమని ఇంటికి ఫోన్ చేయాల్సింది నేనే, అదీ మిర్చి ధర పడిపోయిన ఏడాది.

ఎండాకాలానికి ఇంకొకటి పెట్టుకున్నాను: 3.7 గిగాహెర్ట్జ్, 1.175 వోల్టులు. వేగం ఫ్యాక్టరీ కంటే మూడు శాతం ఎక్కువ. పవర్ లెక్క వేస్తే 0.985, అంటే ఫ్యాక్టరీ కంటే ఒకటిన్నర శాతం తక్కువ. ఇది చూసి మా రూమ్మేట్ “దీన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారా, పొదుపు సంఘం అంటారా” అన్నాడు. ఏమన్నా అనుకోనీ, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. రైజెన్ 5000 సిరీస్ ఉన్నవాళ్లకి ఇదే పనిని కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగు ఇంకా నాజూగ్గా చేసిపెడుతుంది. బూస్ట్ పోదు, కాపలా లేచిపోదు. మీది ఆ తరమైతే మల్టిప్లయర్ జోలికి వెళ్లనే వద్దు.

ఇక నన్ను నిజంగా ఆశ్చర్యపరిచినది ర్యామ్. 3.85 పెట్టాక ఓపెన్‌ఫోమ్ పది గంటల రన్నులో తగ్గింది పావుగంట కూడా లేదు. ప్రాసెసర్ వేగం ఏడు శాతం పెరిగితే పని రెండు శాతం తగ్గిందన్నమాట. ఎందుకంటే ఇలాంటి సిమ్యులేషన్లలో కోర్లు లెక్క చేసే టైం కంటే ర్యామ్ నుంచి అంకెల కోసం ఎదురుచూసే టైమే ఎక్కువ. వంటవాడు ఎంత చురుకైనవాడైనా కూరలు తరిగి ఇచ్చేవాడు ఒక్కడే అయితే ఏం లాభం. నా ర్యామ్ ముక్కల మీద 3200 అని రాసుంది, కానీ బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే అవి 2400 దగ్గరే నడుస్తాయి. నా బోర్డు మీద 3200 మెమ్‌టెస్ట్ దాటలేదు, 3000 దాటింది. ఆ ఒక్క మార్పుతో పది గంటలు ఎనిమిదిన్నర అయ్యాయి. ఈ రైజెన్లలో కోర్ల గుంపుల్ని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ కూడా ర్యామ్ క్లాక్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి గేముల్లోనూ తేడా తెలుస్తుంది. వీఆర్‌ఎం మీద దీనివల్ల పెద్దగా బరువు పడదు. 16 జీబీ ఒకే ముక్కగా ఉన్నవాళ్లు, ముందు రెండో ముక్క గురించి ఆలోచించండి, ఓవర్‌క్లాకింగ్ సంగతి తర్వాత.

ర్యామ్ మార్చాక మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ నుంచి ఒక రాత్రి నడపడం మాత్రం మానకండి. ర్యామ్ తప్పులు నేరుగా హార్డ్‌డిస్కులో ఫైళ్లలోకి వెళ్లి కూర్చుంటాయి. ప్రయోగాలు చేసే వారం ముందు రిపోర్టు, కోడు ఇంకోచోట కాపీ పెట్టుకోండి.

చివరగా, బోర్డు బూట్ కాకపోతే. తప్పకుండా ఒకటి రెండుసార్లు ఇలా అవుతుంది, కంగారు పడక్కర్లేదు. ఖరీదైన బోర్డుల వెనక దీనికోసం బటన్ ఉంటుంది, మనకుండదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి బోర్డే పాత సెట్టింగులకి వెళ్లిపోవచ్చు, ఒకట్రెండు నిమిషాలు ఓపిక పట్టండి. వెళ్లకపోతే ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, సీమాస్ క్లియర్ అని రాసున్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలపాలి. ఆ పిన్నులు దొరక్కపోతే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టినా చాలు. దాంతో మీరు పెట్టుకున్న సెట్టింగులన్నీ పోతాయి, బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు సేవ్ చేసుకున్న ప్రొఫైళ్లు కూడా పోతుంటాయి. అందుకని బాగా కుదిరిన రోజున బయోస్‌లో ప్రతి పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. నా ఫోన్లో అలాంటివి పద్నాలుగున్నాయి, పక్కన తేదీ, ఆ రోజు గదిలో ఎన్ని డిగ్రీలున్నాయో కూడా రాసి.